బ్రేకులో గాలి

పెడల్‌ను పదిసార్లు తొక్కి, సీట్లోంచి దిగి, బండి వెనక్కి నడిచి, గోనెసంచి మీద వెల్లకిలా పడుకొని గొట్టంలోకి చూశాడు హనుమాండ్లు. చిటికెన వేలంత లావు కూడా లేని ప్లాస్టిక్ గొట్టంలో నల్లటి బ్రేక్ ఆయిల్. ఆ నలుపు మధ్య మధ్య తెల్లటి ఖాళీలు. గాలి. ఇంకా గాలే.

ఎనిమిది నంబరు పానాతో చక్రం వెనకున్న, గాలి వదిలే నిప్పల్‌ను బిగించాడు. మోచేతి మీద ఆని పక్కకు దొర్లాడు. ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది, ఆ తర్వాత బండి తలుపు పట్టుకొని నడుము. అట్లా విడతలు విడతలుగా లేచి నిలబడ్డాడు. పొట్టి మనిషి. వెడల్పాటి భుజాలు, మెడ వెనక రెండు మడతలు, ఆ మడతల్లో ఎన్నేళ్లు రుద్దినా పోని నలుపు. కళ్లద్దాలు జారిపోకుండా దారం కట్టుకున్నాడు. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు రెండుగా చీలి, అట్లాగే పెరుగుతోంది. ఆయిల్ డబ్బా మూత తీసి తగ్గినంత పోశాడు. నిప్పల్ మళ్లీ వదులు చేసి, మళ్లీ సీటెక్కాడు. ఇది పద్దెనిమిదోసారి.

ఆదివారం, పొద్దున తొమ్మిది కూడా కాలేదు. పాత నాచారం గల్లీలో మాంసం దుకాణం ముందు జనం మాటలు వినబడుతున్నాయి. బయటి నుంచి ఎవరికీ కనబడకుండా గేటు ఊచలకు పాత దుప్పటి కట్టాడు హనుమాండ్లు.

భార్య కిష్టమ్మ అరుగు మీద కుట్టు మిషన్ ముందు కూర్చొని చీరలకు ఫాల్ కుడుతోంది. గంట నుంచి ఆయన ఎక్కడం, దిగడం, పడుకోవడం, లేవడం చూస్తోంది.

"గేట్‌కి దుప్పటెందుకు గట్టినవ్?"

"ఎండ గొడ్తున్నది."

"ఎండ గటు దిక్కున్నది."

ఆయన ఆయిల్ డబ్బా మూత బిగించాడు.

"లెవ్వనా? వొచ్చి తొక్కుతనా?"

"అవుసరం లేదు. ఒక్కన్నే జేసుకుంట."

"ఎన్నడన్న ఒక్కనివే జేసినవా?" అని ఆమె దారం కొరికింది.

చేయలేదు. బ్రేక్ గొట్టాల్లో గాలి చేరితే కాలు ఎంత బలంగా తొక్కినా ఆ బలం చక్రం దాకా పోదు, గాలి మధ్యలోనే మింగేస్తుంది. ఆ గాలిని తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చొని తొక్కిపట్టాలి. ఒకరు కింద పడుకొని నిప్పల్‌ను విప్పాలి, బిగించాలి. ఏడాదికోసారి ఈ పని పెట్టుకున్నప్పుడు పైన కూర్చునేది కిష్టమ్మే. కింది నుంచి ఆయన "తొక్కు" అంటాడు, "పట్టు" అంటాడు, "ఇడువు" అంటాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన చెప్పిందల్లా ఆమె మారు మాట లేకుండా చేసేది ఆ గంటసేపే అని ఇంటికొచ్చిన చుట్టాలతో చెప్పుకొని ఇద్దరూ నవ్వేవాళ్లు.

ఒక్కడే చేసుకునే పద్ధతి కూడా ఉంది. గొట్టం ఒక కొనను నిప్పల్‌కు తొడిగి, రెండో కొనను సీసాలోని ఆయిల్‌లో ముంచి ఉంచితే, పోయిన గాలి తిరిగి రాదు. కానీ ఈ బండి ఎడమ వెనక చక్రం నిప్పల్ మరలు అరిగిపోయాయి. పెడల్ పైకి లేచిన ప్రతిసారీ ఆ అరిగిన మరల సందులోంచి కొత్త గాలి లోపలికి దూరుతోంది. పోయినంత వస్తోంది. రెండోసారికే హనుమాండ్లుకు ఆ సంగతి తెలిసింది. అయినా పద్దెనిమిదిసార్లు ఎక్కి దిగాడు.

కిష్టమ్మను ఎందుకు పిలవడం లేదో ఆయనకు బాగా తెలుసు. ముప్పై ఏళ్లు మిషన్ తొక్కిన కాలు ఆమెది. మిషన్ బెల్టు వెంట్రుకవాసి వదులైనా ఆ కాలికి తెలిసిపోతుంది. ఇప్పుడు ఈ పెడల్ మీద పాదం పెడితే అది మెత్తగా, నీళ్లలోకి దిగినట్టు అడుగుదాకా పోతుంది. ఆమె ఏమీ అడగదు. అడగకుండానే తెలుసుకుంటుంది.

నాచారం పరిశ్రమల వాడలో ఒక మందుల కంపెనీ బండ్ల షెడ్డులో ఆయన ఇరవై నాలుగేళ్లు పనిచేశాడు. అంతకుముందు వాళ్ల నాయనకు చెరువు వెనక రెండెకరాలు ఉండేవి. ఆ పొలం పోయాక మిగిలిన వంద గజాల్లోనే ఈ ఇల్లు. షెడ్డులో ఇంజన్ పని తెలిసినవాళ్లు చాలామంది ఉండేవారు. బ్రేకులకు మాత్రం హనుమాండ్లే. డ్రైవర్లు ఘాట్ రోడ్డు మీదికి పోయేముందు "అన్నా, జర నీ చెయ్యి పెట్టు" అని వచ్చేవారు. కొత్తగా చేరినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని ఒక మాట చెప్పేవాడు: "ఇంజన్ కరాబైతే బండి ఆగుతది. బ్రేక్ కరాబైతే బండి ఆగది. ముందు ఏది జూడాలెనో మీరే జెప్పున్రి." చెప్పి, తన మాటకు తానే తలూపుకునేవాడు. ఆయనకు లోకంలో ఉన్న గౌరవమంతా ఆ ఒక్క మాట కిందే ఉండేది. కంపెనీ ఊరి బయటికి పోయాక ఈ పాత వ్యాన్ కొనుక్కొని, తొమ్మిదేళ్లుగా గల్లీల్లోని పిల్లలను బడికి దింపుతున్నాడు. పదకొండుమంది పిల్లలు.

అలాంటి మనిషి, పోయిన నెల ఒక సోమవారం పొద్దున పెడల్ కొంచెం మెత్తబడిందని గమనించాడు. రెండుసార్లు తొక్కితే పట్టింది. వచ్చే ఆదివారం చూద్దామనుకున్నాడు. మంగళవారం రెండుసార్లు. గురువారానికి మూడుసార్లు. ఆదివారం నాడు మేనకోడలి పెళ్లి ఉప్పల్‌లో. అక్కడ మధ్యాహ్నం దాకా తిని, సాయంత్రం దాకా మాట్లాడి, ఇంటికొచ్చి పడుకున్నాడు. బండి గుర్తొచ్చింది. మూడుసార్లు తొక్కితే పడుతోంది కదా అనుకున్నాడు. అంతే. తాగలేదు, ఎవరితోనూ పందెం కాయలేదు. ఊరికే, రేపు చూద్దామనుకున్నాడు.

ఆ రేపు పొద్దున ఎనిమిది గంటలకు, కాలనీ దిగుడులో, పిల్లలతో నిండిన బండి ముందుకు ఆ కాలనీ అపార్ట్‌మెంట్లోనే ఉండే సూర్యకళ పాల ప్యాకెట్ల సంచీతో వచ్చింది. పరుగెత్తుకు రాలేదు. మామూలుగా, అటూ ఇటూ చూసి, వ్యాన్ ఇంకా దూరంగా ఉందని చూసుకొని, రోడ్డు దాటుతోంది. హనుమాండ్లు తొక్కాడు. పెడల్ అడుగుకు పోయింది. మళ్లీ తొక్కాడు. మూడోసారి తొక్కేసరికి పట్టింది కానీ అప్పటికే ఆమె కింద ఉంది. పాలు రోడ్డంతా పారాయి. జనం చేరారు. ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు. అప్పుడు ఆయన నోటి నుంచి ఒక మాట వచ్చింది. దాన్ని ఆయన ఆలోచించలేదు, కూర్చలేదు, అదే వచ్చింది.

"బ్రేక్ గొట్టిన సార్! నేను బ్రేక్ గొట్టిన! ఆమెనే అడ్డమొచ్చింది!"

చొక్కా పట్టుకున్నవాడు ఆమె వైపు చూశాడు. అరవై రెండేళ్ల మనిషి, కుడికాలు వంకరగా మడుచుకొని రోడ్డు మీద కూర్చొని ఉంది. పెదవులు తెల్లబడ్డాయి. ఆమె హనుమాండ్లును చూసింది, వ్యాన్ అద్దాలకు ముఖాలు ఆనించిన పిల్లలను చూసింది, మెల్లగా అంది.

"అవునండీ. నాదే పొరపాటు. నేనే చూసుకోలేదు. ఆయన్నేం అనకండి."

మనుషులు చొక్కా వదిలేశారు. ఒకాయన అయితే భుజం కూడా తట్టాడు. సాయంత్రానికి పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో "డ్రైవర్ అంకుల్ తప్పేం లేదు, పాపం మంచోడు" అని ఎవరో పెడితే, కింద వరసగా బొటనవేళ్లు లేచాయి. హనుమాండ్లు కూడా దండం బొమ్మ ఒకటి పెట్టాడు. ఇరవై రోజులైంది. ఫోన్ తెరిచినప్పుడల్లా ఆ దండం బొమ్మ దాటి కిందికి పోలేకపోతున్నాడు.

ఆ ఇరవై రోజులూ బండి నడిపాడు. ఆయిల్ పోసుకుంటూ, హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి వేసుకొని, నత్తలా నడిపాడు. బాగు చేయించడానికి తీసుకుపోతే, ఇప్పుడు సొంత షెడ్డు నడుపుతున్న మెకానిక్ జగన్ చూస్తాడు. జగన్ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే, ఇప్పటికీ ఉస్తాద్ అని పిలుస్తాడు. చక్రం డ్రమ్ము విప్పగానే కారిన ఆయిల్, నల్లబడ్డ వాషర్లు చూసి, ఇది ఎన్నాళ్లుగా ఇట్లా ఉందో వాడు లెక్క కట్టగలడు. ఆ లెక్క నేర్పింది తనే. మొన్న శుక్రవారం బడి ముందర పెడల్ మళ్లీ అడుగుకు పోయి, ముందున్న ఆటోకు బెత్తెడు దూరంలో బండి ఆగింది. పిల్లలు ఊగి ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. శనివారం సాయంత్రం ఆయన ఉప్పల్ పోయి, తనను ఎరగని దుకాణంలో వాషర్లు, బ్రేక్ ఆయిల్ కొనుక్కొచ్చాడు. నాచారంలో కొంటే దుకాణదారు "ఏంది హనుమాండ్లన్నా, బ్రేక్ పోయిందా?" అంటాడని.

పందొమ్మిదోసారి పడుకొని చూశాడు. గొట్టంలో తెల్లటి ఖాళీ ఒకటి, పెద్దది, కదలకుండా ఉంది. కళ్లద్దాల మీద చెమట బొట్టు పడి అంతా మసకబారింది. లేవబోతే నడుము పట్టేసింది. అట్లాగే పడుకున్నాడు.

బండి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. స్ప్రింగులు కిర్రుమన్నాయి. పైన ఎవరో కూర్చున్నారు.

"జెప్పు" అంది కిష్టమ్మ.

ఆయన "దిగు" అనాలనుకున్నాడు. రేపు పిల్లలు ఎక్కుతారన్నది గుర్తొచ్చింది.

"తొక్కు" అన్నాడు.

ఆమె తొక్కింది. పెడల్ అడుగున ఉన్న ఇనుప రేకుకు తగిలిన చిన్న చప్పుడు ఆయనకు వినబడింది. ఆమెకూ వినబడి ఉంటుంది.

"పట్టు."

నిప్పల్ విప్పాడు. నల్లటి ఆయిల్ బుసకొట్టి, నురగతో గొట్టంలోకి ఎగిరింది. బిగించాడు.

"ఇడువు."

ఆమె కాలు తీసింది. పైనుంచి మాట వచ్చింది.

"ఆ దినం గూడ గిట్లనే ఉండెనా?"

ఆయన గొట్టంలోకి చూస్తూ ఉన్నాడు. అబద్ధమాడటానికి ఇంకా జాగా ఉంది. మధ్యలో కరాబైంది అనొచ్చు. మొన్ననే అనొచ్చు. ఆమె నమ్మినట్టే ఉండేది కూడా.

"గిట్లనే ఉండె" అన్నాడు.

"తెల్వకనా, తెలిసా?"

"తెలిసే."

గల్లీలో ఎవరో బండి హారన్ కొట్టుకుంటూ పోయారు. తర్వాత ఆమె గొంతు మారలేదు, మిషన్ దగ్గర కూర్చొని మాట్లాడినట్టే ఉంది.

"నేను పండ్లు తీస్కొని పోయిన ఆమె కాడికి. ఏమన్ననో ఎర్కేనా? వయసు మీద పడ్డది గదమ్మా, జర సూస్కొని నడువాలె అన్న. మంచం మీద కాలు చాపుకొని పండుకున్న మనిషి మొకం మీదనే అన్న."

"ఆమె ఏమన్నది?"

"అవునమ్మా అన్నది."

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"జెప్పు మల్ల" అంది కిష్టమ్మ.

తొక్కు, పట్టు, ఇడువు. తొక్కు, పట్టు, ఇడువు. ఎడమ వెనకది అయింది. కుడి వెనకది, ఎడమ ముందుది, కుడి ముందుది. ఒక్కో చక్రం దగ్గర నల్లటి ఆయిల్ మెల్లగా గోధుమరంగుకు, తర్వాత తేనెరంగుకు తిరిగింది. ఇద్దరి మధ్యా ఆ మూడు మాటలు తప్ప ఇంకో మాట లేదు. చివరికి "తొక్కు" అంటే పెడల్ సగంలోనే రాయిలా నిలబడింది. ఆమె దిగి, కాలి మడమ ఒకసారి నేలకు రుద్దుకొని, లోపలికి పోయి పొయ్యి ముట్టించింది. ఆయన చక్రాలు బిగించి, బండిని జాకీ మీదినుంచి దించాడు. చేతులు కడుక్కుంటుంటే, దుప్పటి అవతల నుంచి ఎవరో పిలిచారు.

"హనుమాండ్లు గారూ! ఉన్నారా?"

ఆ గొంతు గుర్తుపట్టగానే ఆయన చేతిలోని సబ్బు జారిపోయింది. ఉమాపతి. సూర్యకళ భర్త. తార్నాక దగ్గర ప్రయోగశాలలో తూకపు యంత్రాలు చూసుకొని రిటైరైన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటాడు. చొక్కా పై గుండీ కూడా పెట్టుకుంటాడు. దుప్పటి తప్పించి గేటు తీయక తప్పలేదు.

"మీ సాయం కావాలండీ" అన్నాడు ఉమాపతి, నుదురు తుడుచుకుంటూ. "ఇవాళ మేం అనకాపల్లి వెళ్లిపోతున్నాం, మా ఆవిడ చెల్లెలింటికి. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఆ కాలితో ఇక్కడ ఎన్నాళ్లు? చర్లపల్లిలో ఒంటిగంటకు రైలు. కారు బుక్ చేస్తే చిన్నది పంపాడు. ఆవిడ కాలు చాపే వీలే లేదు. మీ వ్యానైతే వెనక సీటు మీద పడుకోబెట్టొచ్చు."

హనుమాండ్లు నోరు తెరిచాడు. ఇంటి లోపలి నుంచి గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"పది నిమిషాలు, సార్. బండి తీస్కొని అపార్ట్‌మెంట్ కాడికే వొస్త" అన్నాడు.

ఆ పది నిమిషాల్లో ఆయన ఖాళీ బండిని కాలనీ దిగుడు మీదికి తీసుకుపోయాడు. పై నుంచి వదిలాడు. ఆమె పడిన చోటుకు ఇరవై అడుగుల ముందు ఒక్కసారి తొక్కాడు. బండి మెడ పట్టుకున్నట్టు ఆగింది. ఇంకోసారి పైకెళ్లి వదిలాడు. ఆగింది. మూడోసారీ ఆగింది. స్టీరింగ్ మీద నుదురు పెట్టుకొని కాసేపు కూర్చున్నాడు. ఈ పని గంటన్నరలో అయింది. పెళ్లికి పోయివచ్చిన ఆదివారం సాయంత్రం కూడా ఆయన దగ్గర గంటన్నర ఉండింది.

అపార్ట్‌మెంట్ కుర్రాళ్లు ముగ్గురూ, ఉమాపతీ కలిసి సూర్యకళను ప్లాస్టిక్ కుర్చీలో దించారు. చివరి మెట్ల దగ్గర హనుమాండ్లు కుర్చీ కోడు ఒకటి పట్టుకున్నాడు. ఆమె కుడికాలికి మోకాలు దాకా తెల్లటి కట్టు. ఒళ్లో చేతిసంచి, మూతి సరిగా మూసుకోనంత నిండుగా ఉంది. "మీకు శ్రమ ఇచ్చాం" అంది ఆయనతో. ఆయన చూపు ఆమె కట్టు మీదినుంచి పైకి లేవలేదు.

వ్యాన్ దగ్గర కిష్టమ్మ నిలబడి ఉంది. చీర మార్చుకొని వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. వెనక సీటు మీద సూర్యకళను పొడుగ్గా కూర్చోబెట్టాక, తాను కింద, రెండు సీట్ల మధ్య, పిల్లలు సంచులు పెట్టుకునే చోట కూర్చొని, ఆ కట్టుకట్టిన కాలును రెండు చేతులతో పట్టుకుంది. ఉమాపతి ముందు సీట్లో కూర్చున్నాడు.

నాచారం దాటి మల్లాపూర్ రోడ్డు ఎక్కారు. స్పీడ్ బ్రేకరు వచ్చిన ప్రతిచోటా హనుమాండ్లు ఎంతో ముందు నుంచే మెల్లగా ఆపి, దాటించి, మళ్లీ పోనిచ్చాడు. రెండో స్పీడ్ బ్రేకర్ దగ్గర చెప్దామనుకున్నాడు. పక్కనుంచి లారీ వచ్చింది. ఫ్యాక్టరీ గోడ దగ్గర చెప్దామనుకున్నాడు. సూర్యకళ రైల్లో తాగడానికి నీళ్లు పెట్టారా అని భర్తను అడుగుతోంది. అద్దంలో కిష్టమ్మ కళ్లు కనబడ్డాయి. ఆయన అద్దం కొంచెం పక్కకు తిప్పాడు.

"బాగా ఆపుతున్నారండీ" అన్నాడు ఉమాపతి, మనసు తేలికపడ్డ మనిషిలా. "కుదుపే తెలియడం లేదు. మీ బండి బ్రేకులు చాలా బాగున్నాయి."

హనుమాండ్లు స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

"ఇయ్యాల పొద్దున్నే జేసిన సార్."

"ఓహో. సర్వీసింగా?"

"కాదు సార్. గా దినం బ్రేక్ పడలే. అమ్మ అడ్డం రాలేదు. నా బ్రేకే పడలే."

ఉమాపతి తలతిప్పి ఆయన వైపు చూశాడు. తర్వాత కిందికి, పెడల్ మీదున్న ఆయన పాదం వైపు చూశాడు.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎన్ని రోజుల నుంచి?"

"వారం సంది."

"వారం" అన్నాడు ఉమాపతి. ఇంకోసారి, చాలా మెల్లగా, "వారం" అన్నాడు. "నేను పోలీస్ స్టేషన్‌కి వెళ్లి మాకు ఫిర్యాదేమీ లేదని నా చేత్తో రాసిచ్చి వచ్చాను. పడిపోయిన మనిషిని ఇంటికి తెచ్చి, చూసుకోవద్దా అని నేనే కోప్పడ్డాను. ఒకసారి కాదు." ఆయన చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. "బండి ఆపండి."

వెల్డింగ్ షాపు మూసిన షట్టర్ ముందు హనుమాండ్లు బండి ఆపాడు. ఉమాపతి దిగి, షట్టర్ వైపు తిరిగి, వీపు చూపించి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాడు హనుమాండ్లు. కొడితే బాగుండుననుకున్నాడు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ఎండలో అట్లా నిలబడ్డాడు, అంతే.

"నాకు తెలుసండీ" అంది వెనక నుంచి సూర్యకళ.

హనుమాండ్లు వెనక్కి తిరగలేకపోయాడు. అద్దం తానే పక్కకు తిప్పుకున్నాడు కనుక ఆమె ముఖం కనబడలేదు. గొంతు మాత్రమే వచ్చింది.

"మీరు సీట్లోంచి లేచి లేచి తొక్కడం ఎదురుగా చూశాను. బ్రేకు పడితే మనిషి అలా తొక్కడు కదా."

"మరి గప్పుడెందుకు జెప్పలే, అమ్మా?" అని అడిగింది కిష్టమ్మే.

"వాళ్లు ఈయన్ని కొట్టేవాళ్లు, అమ్మా. లోపల పిల్లలు చూస్తున్నారు. రోజూ ఆయన బండెక్కే పిల్లలు." ఆమె ఒళ్లోని సంచీ సర్దుకుంది. "ఆ తర్వాత ఈయనే వచ్చి చెబుతారనుకున్నాను. సాయంత్రం తలుపు చప్పుడైనప్పుడల్లా ఈయనే అనుకునేదాన్ని. మొన్నటిదాకా అనుకున్నాను. తర్వాత మానేశాను."

కిష్టమ్మ ఆమె కాలు మీద తల వాల్చింది. ఏడవలేదు, ఊరికే వాల్చింది. సూర్యకళ ఆమె జుట్టు మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

"ఏవండీ" అని పిలిచింది భర్తను. "రండి. టైమవుతోంది."

ఉమాపతి వచ్చాడు. ముందు తలుపు తీయలేదు. వెనక్కి వచ్చి, సామాన్ల మధ్య ఇరుక్కొని, భార్య తల దగ్గర కూర్చున్నాడు. మిగిలిన దారంతా హనుమాండ్లు పక్క సీటు ఖాళీగా ఉంది.

చర్లపల్లి స్టేషన్ ముందు బండి ఎక్కువసేపు ఆపనివ్వరు. కూలీ చక్రాల కుర్చీ తెచ్చాడు. హనుమాండ్లు సంచీ అందుకోబోతే ఉమాపతి "వద్దు" అన్నాడు. కోపంగా కాదు, తెలియని మనిషితో అన్నట్టు. అన్ని సంచులూ తానే రెండు విడతల్లో దించుకున్నాడు. కిరాయి ఎంతని అడిగాడు. హనుమాండ్లు చేతులు జోడించాడు. ఉమాపతి ఆ జోడించిన చేతుల వైపు కాసేపు చూసి, పర్సు జేబులో పెట్టేసుకున్నాడు.

సూర్యకళ కుర్చీలో సర్దుకొని కూర్చుంది. కిష్టమ్మ కుర్చీ పక్కనే నడిచింది. గాజు తలుపుల దాకా హనుమాండ్లుకు వాళ్లు కనబడ్డారు. ముందు నిటారుగా ఉమాపతి, తర్వాత కూలీ, కుర్చీ, కుర్చీ చెయ్యి పట్టుకొని కిష్టమ్మ. తలుపు దగ్గర సూర్యకళ తిరిగి చూస్తుందేమో అనుకున్నాడు. ఆమె ముందుకే చూస్తూ లోపలికి వెళ్లిపోయింది. ఆయన బండిని పార్కింగ్ చివరికి తీసుకుపోయి, నీడలేని చోట ఆపి, ఫోన్ తీశాడు.

గ్రూపులో మొదట పైకి పోయి, ఆ దండం బొమ్మను వెతికి తీసేయబోయాడు. ఇన్ని రోజులయ్యాక అది తీయరాదని తెలిసింది. అప్పుడు మాట రికార్డు చేసే బొమ్మ నొక్కి పట్టుకున్నాడు.

"నమస్తే అమ్మా, నమస్తే సార్. డ్రైవర్ హనుమాండ్లును. పోయిన నెల యాక్సిడెంట్ల ఆ అమ్మ తప్పేం లేదు. నా బండికి బ్రేక్ పడలే. వారం సంది పడకుంటె నాకు ఎర్కుండె. ఎర్కుండి మీ పిల్లల్ని ఎక్కించుకున్న. అబద్ధం జెప్పిన. రేపు బండి రాది. జగన్ షెడ్డుల బండి జూపిస్త. ఆయన మంచిగుంది అంటెనే బైటికి తీస్త. అప్పుడు గూడ మీ పిల్లల్ని పంపుతరో లేదో మీ ఇష్టం."

వేలు వదిలాడు. మాట ఎగిరిపోయింది. ఎవరెవరు విన్నారో చూపే పేర్లు ఒక్కొక్కటిగా పెరగడం చూస్తూ కూర్చున్నాడు. ఏ బొటనవేలూ లేవలేదు. ఒకావిడ ఏదో రాయడం మొదలుపెట్టి, ఆపేసింది. తర్వాత ఏ మాటా లేకుండా ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఆయన చూస్తూనే ఉన్నాడు. సిగ్గు తగ్గలేదు. కాకపోతే ఇన్ని రోజులూ దాన్ని దుప్పటి చాటున పెట్టుకొని మోశాడు, ఇప్పుడు ఎండలో మోస్తున్నాడు. ఎండలోనూ అంతే బరువుంది.

ఒంటిగంట దాటాక స్టేషన్ అవతల రైలు కూత వేసింది. చాలాసేపటికి కిష్టమ్మ ఒక్కతే వచ్చింది. చెంగుతో ముఖం తుడుచుకొని ముందు తలుపు తీసింది.

"ఎక్కిన్రా?"

"ఎక్కిన్రు. కింది బెర్త్ దొరికింది."

"ఏమన్న అన్నదా?"

"రైలు కదిలేటప్పుడు, ఇంటికి పోయి తిను అమ్మా అన్నది." ఆమె తలుపు పట్టుకొని అట్లాగే నిలబడింది. "నిన్నేమనలే."

హనుమాండ్లు తలూపాడు. తాళం చెవి తిప్పబోయాడు.

"ఆగు" అంది కిష్టమ్మ. వెనక తలుపు జరిపి, లోపలికి వంగి, తాను కూర్చున్న చోటి నుంచి, సీటు కింద నుంచి ఏదో తీసింది. సూర్యకళ చేతిసంచీలోంచి జారిపడి ఉంటుంది. దాన్ని ఆయన పక్కనున్న ఖాళీ సీటు మీద పెట్టి, తాను వెనకే కూర్చుంది.

ఒక చెప్పు. కుడికాలిది. కట్టు విప్పాక వేసుకోవడానికని కొన్నది, అడుగున ధర కాగితం కూడా ఊడలేదు.